జపానీయుల ఇంటి పంచాంగము

ఒక జాతియొక్క సంస్కృతిని తెలిసికొనుటకు రెండు మార్గములు కలవు. ఆ జాతి కట్టిన కోటలను, ఆలయములను, చిత్రశాలలను దర్శించుట మొదటిది. ఆ జాతివారి వాకిలిని, వంటయింటిని, స్నానపుతొట్టిని పరిశీలించుట రెండవది. జపాను దేశమునకు వెళ్లి క్యోటో నగరమందలి ప్రాచీన కట్టడములను చూచు భాగ్యము మనలో కొందఱికే కలుగవచ్చును. కాని ఆ దేశపు సామాన్య కుటుంబములు ఏ దినమున ఏమి వండుదురో, ఏ మాసమున గుమ్మమునకు ఏమి కట్టుదురో తెలిసికొనుట మనకందఱికిని సాధ్యమే.

ఇది కేవలము వేడుకకొఱకు తెలిసికొనదగిన విషయము కాదు. 1873వ సంవత్సరమున జపాను ప్రభుత్వము ‘సెక్కు’ అను ఐదు ప్రాచీన పర్వదినములను ప్రభుత్వోత్సవముల పట్టికనుండి తొలగించెను. నూటయేబది సంవత్సరములు గడచినను వానిలో నాలుగింటిని నేటికిని కుటుంబములు జరుపుకొనుచునే యున్నవి. ఐదవది మాత్రము చాలవఱకు మఱుగున పడినది. ప్రభుత్వాజ్ఞ తొలగించిన దానిని నిలిపినదేది? ఒక్కటి మాత్రము నిలువకపోవుటకు కారణమేమి? ఈ ప్రశ్నలు తమ ఇంటి ఆచారములను కాపాడుకొనగోరు ఏ జాతికైనను అవసరమైనవే. వానికి సమాధానము వెదకుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. కాలమును లెక్కించు విధము

పూర్వము జపానీయులు చీనా దేశమునుండి వచ్చిన చాంద్రసౌర పంచాంగమును అనుసరించెడివారు. మన పంచాంగమందువలెనే దానియందును మాసములు చంద్రునిబట్టి నడచును. ఋతువులు తప్పిపోకుండుటకై అప్పుడప్పుడు అధికమాసము వచ్చును. ఇదిగాక సూర్యగతినిబట్టి సంవత్సరమును 24 భాగములుగ విభజించిరి. ఒక్కొక్క భాగము సుమారు 15 దినములు. ‘పురుగులు మేల్కొనుట’, ‘తెల్లని మంచుబిందువులు’, ‘మహాశీతము’ మొదలగునవి ఆ భాగముల పేర్లు. మన రైతులు రోహిణీ కార్తె యెండ, మృగశిర కార్తె చినుకు అని చెప్పుకొను 27 కార్తెలకు ఇవి సోదరులవంటివి. జపానీయులు ఇంతటితో ఆగలేదు. ఒక్కొక్క భాగమును మఱల మూడుగ చేసి, సంవత్సరమును సుమారు ఐదేసి దినములుగల 72 చిన్న ఋతువులుగ లెక్కించిరి. చీనా దేశపు శీతోష్ణములకు తగినట్లు వ్రాయబడిన ఆ పేర్లను జపాను వాతావరణమునకు తగినట్లు దిద్దినవాడు షిబుకావా షుంకై అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు. జపానులోనే తయారైన తొలి పంచాంగము ఆతని గణితముచేతనే 1685లో అమలునకు వచ్చెను.

పాశ్చాత్య పంచాంగమును స్వీకరించినప్పుడు పెద్ద మార్పు కలిగెను. పాత లెక్కలో పండ్రెండవ మాసపు రెండవ దినము ముగిసినతోడనే 1873 జనవరి 1వ తేదీ వచ్చెను. అనగా ఆ యేట చివరి మాసమునకు రెండు దినములే మిగిలినవి! పాత పంచాంగమే యుండినయెడల రాబోవు సంవత్సరమున అధికమాసము వచ్చి, ఉద్యోగులకు పదుమూడు జీతములు ఈయవలసి యుండెడిది. ఖజానాకు ఆ భారము తప్పుటయు ఇంత తొందరకు ఒక కారణమని చరిత్రకారులు చెప్పుదురు. పండుగలు తమ తేదీల అంకెలను అట్లే నిలుపుకొని క్రొత్త మాసములలోనికి వచ్చినవి. కాని పువ్వులకును వానలకును ఈ ఆజ్ఞ తెలియదు గదా! అవి తమ పాత కాలముననే వచ్చుచుండెను. పండుగకును ఋతువునకును నడుమ సుమారు ఒక నెల ఎడము ఏర్పడెను.

2. ఋతువునకు తగిన గృహము

జపాను సంప్రదాయ గృహమందు నేలపై ‘తాతామి’ అను చాపలు పఱచబడి యుండును. వరిగడ్డిని దట్టముగ అదిమి, పైన తుంగవంటి గడ్డితో నేసిన చాపను కుట్టి వానిని చేయుదురు. ఒక్కొక్కటి సుమారు ఆఱడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు కలిగియుండును. గది పరిమాణమునుకూడ చాపల లెక్కతోనే చెప్పుదురు. ముఖ్యమైన గదిలో ఒక ప్రక్క గోడలోనికి చొచ్చియున్న చిన్న వేదిక కలదు. దానిపేరు ‘తొకొనొమా’. అందు ఒక చిత్రపటమో, చక్కని వ్రాతగల పటమో వ్రేలాడును. దానిక్రింద ఒక పాత్రలో ఒకటి రెండు కొమ్మలుండును. ఇంటిలో ఎన్ని పటములున్నను ఆ ఋతువునకు తగిన ఒక్కదానిని మాత్రమే తీసి పెట్టి, తక్కినవానిని చుట్టి దాచుదురు. కావున అతిథి లోనికి వచ్చినతోడనే ఆ యింటివారు ఏ ఋతువును గమనించుచున్నారో తెలిసికొనును.

వేసవి రాగా క్యోటో నగరపు పాత ఇండ్లలో కాగితపు తలుపులను తీసివేసి, గాలి చొచ్చు రెల్లు తెఱలను అమర్చుదురు. చూరునకు చిన్న గాజుగంటను కట్టుదురు; గాలి వీచినప్పుడు దాని మ్రోత చెవికి చల్లదనమును తెలుపును. సాయంకాలమున వాకిట నీరు చల్లుదురు. సెన్ నో రిక్యూ (1522–1591) అను మహనీయుడు తీర్చిదిద్దిన తేనీటి సంప్రదాయమందును ఇదే నియమము. నవంబరునుండి ఏప్రిలు వఱకు నేలలో త్రవ్విన కుంపటిలో నీరు కాచి, నిప్పును అతిథులకు సమీపమున నుంచుదురు. మేనుండి అక్టోబరు వఱకు వేఱొక కుంపటిని వాడి, నిప్పును అతిథులకు దూరముగ జరుపుదురు. ఎదుటివాని సుఖమును తలచి నిప్పుయొక్క స్థానమును మార్చుట ఇందలి మర్యాద.

3. సంవత్సర చక్రము

నూతన సంవత్సరమునకు ముందు ఇల్లంతయు శుభ్రము చేయుదురు. గుమ్మమునకు ఇరుప్రక్కల దేవదారును వెదురును నిలుపుదురు. డిసెంబరు 31వ తేదీ రాత్రి ‘సోబా’ అను ధాన్యపు పిండితో చేసిన పొడవైన పోగులను ఉడికించి తిందురు. పొడవు దీర్ఘాయువునకు గుర్తు. సులభముగ తెగుట గడచిన యేటి కష్టములు తెగిపోవుటకు గుర్తు. మఱునాడు ఒకదానిపైనొకటి పేర్చిన లక్కపూత పెట్టెలలో ‘ఒసేచి’ అను వంటకములు వచ్చును. ప్రతి వంటకమునకును ఒక అర్థము కలదు. నల్ల సోయాచిక్కుడు గింజలు ఆరోగ్యముతో పాటుపడుటకు, వంగిన వీపుగల రొయ్య ముదిమి వఱకు జీవించుటకు, చేపగ్రుడ్లు సంతానవృద్ధికి చిహ్నములు. ఎండిన చిన్నచేపలకు ‘పొలము చేయునవి’ అని పేరు. పూర్వము వానిని వరిపొలములకు ఎరువుగ వేసెడివారు గనుక అవి మంచి పంటను కోరు వంటకమైనవి. వీనిని ముందే వండియుంచుటవలన పండుగనాడు గృహిణికి కొంత విశ్రాంతి లభించును. ‘మోచి’ అను దంచిన అన్నపుముద్దను వేసిన పులుసును తూర్పుప్రాంతములందు పలుకలుగ కోసిన మోచితోను, పడమటి ప్రాంతములందు గుండ్రని మోచితోను చేయుదురు. ఇది గొంతునకు అడ్డుపడి వృద్ధులు మరణించుట కలదు గనుక, చిన్న ముక్కలుగ కోసి తినుడని అధికారులు ఏటేట హెచ్చరించుచుందురు. నూతన సంవత్సరపు వంటకములకు విశేషస్థానమిచ్చుచు, జపానీయుల ఆహారసంప్రదాయమును 2013లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వ పట్టికలో చేర్చినది.

ఐదు పర్వములలో మొదటిది జనవరి 7. ఆనాడు ఏడు విధముల లేతయాకులను, దుంపలను వేసి వరిగంజి కాచుదురు. ముల్లంగి, టర్నిప్పు వానిలో చేరినవి. పండుగ విందులచే అలసిన ఉదరమునకు అది హితవైన పథ్యము.

ఫిబ్రవరి 3వ తేదీ ప్రాంతమున ‘సెత్సుబున్’ వచ్చును. ఇది ఐదింటిలో చేరినది కాదు. వసంతారంభమునకు ముందటి దినము. వేయించిన సోయాగింజలను ఇంటిలోను గుమ్మమువద్దను చల్లుచు, దయ్యములు వెలుపలికి పోవలెననియు, భాగ్యము లోనికి రావలెననియు కేకలు వేయుదురు. తఱుచుగ తండ్రియే దయ్యపు ముసుగు ధరించి పిల్లలచేత దెబ్బలు తినును! పిమ్మట ఎవరి వయస్సునకు సరిపడ గింజలను వారు తిందురు. వసంతారంభము సూర్యుని స్థానమునుబట్టి నిర్ణయింపబడును గనుక తేదీ ఒక్కొక్కప్పుడు మాఱును. 2021లో ఈ దినము ఫిబ్రవరి 2న వచ్చెను. 1897 తరువాత అట్లు జరుగుట అదే మొదటిసారి.

మార్చి 3 బాలికల పండుగ. ఎఱ్ఱని వస్త్రము పఱచిన మెట్లపై రాజదంపతులు, ముగ్గురు పరిచారికలు, ఐదుగురు వాద్యకులు, ఇద్దఱు మంత్రులు, ముగ్గురు సేవకులు, వెరసి 15 బొమ్మలను ఏడు మెట్లపై నిలుపుట పూర్ణమైన పద్ధతి. సంక్రాంతికి మన ఇండ్లలో పెట్టు బొమ్మలకొలువును ఎఱిగిన బాలికలకు ఇది వెంటనే బోధపడును. పూర్వము కాగితముతోను గడ్డితోను చేసిన బొమ్మలకు తమ దోషములను అంటగట్టి ఏటిలో విడిచెడివారు. తొత్తొరి మండలమందలి మొచిగాసే అనుచోట ఆ ఆచారము నేటికిని కలదు. ఆనాటి భోజనమందు ఆలుచిప్పల పులుసు ముఖ్యము. ఒక చిప్పయొక్క రెండు దళములు తమలో తామే అతుకును గాని వేఱొకదానితో అతుకవు. అందుచే అవి అన్యోన్యమైన దాంపత్యమునకు గుర్తు.

మే 5 బాలుర పండుగగ నుండెను. 1948లో దానిని బాలబాలికలందఱి దినముగ, జాతీయమైన సెలవుగ చేసిరి. ఏటికెదురీది జలపాతమును ఎక్కిన చేప మహాసర్పముగ మాఱునను చీనా కథనుబట్టి, గుడ్డతో చేసిన చేపలను గడకు కట్టి గాలిలో ఎగురవేయుదురు. ఓకు ఆకులో చుట్టిన తీపి పిండివంటను తిందురు. క్రొత్త చిగురు వచ్చువఱకు ఆ చెట్టు పాత ఆకును రాల్చదు. వంశము ఎడతెగకుండవలెనని దీని భావము. ఆ రాత్రి స్నానపునీటిలో వేయు పొడవైన ఆకులు మనకు క్రొత్తవి కావు. మనవారు శిశువులకు మాట స్పష్టముగ వచ్చుటకై అరగదీసి నాకించు వసమొక్క యొక్క ఆకులే అవి.

జూలై 7 ‘తానాబాతా’. పాలవెల్లికి ఇరుగట్టులనున్న రెండు నక్షత్రములు ఏడాదికొక్కసారి కలిసికొనునని కథ. మన జ్యోతిషమందు అభిజిత్తు, శ్రవణము అనబడునవే అవి. పిల్లలు రంగుకాగితపు చీటీలపై తమ కోరికలను వ్రాసి వెదురుకొమ్మకు కట్టుదురు. పాత లెక్కలో ఇది సాధారణముగ మన శ్రావణ శుద్ధ సప్తమి ప్రాంతమున, ఆకాశము తేటగ నుండు కాలమున వచ్చెడిది. క్రొత్త తేదీనాడు దేశమందు చాలచోట్ల వర్షాకాలపు మేఘములు క్రమ్మియుండును. సెండాయి నగరమువారు దీనిని ఒక నెల జరిపి ఆగస్టు 6నుండి 8వఱకు చేయుదురు. జపాను జాతీయ ఖగోళ పరిశోధనాలయము 2001నుండి ప్రాచీన గణితముననుసరించిన తేదీని ఏటేట ప్రకటించుచున్నది.

ఆగస్టు నడుమ పూర్వికులను స్మరించు ‘బోన్’ దినములు వచ్చును. కీరదోసకాయకు పుల్లలు గ్రుచ్చి గుఱ్ఱముగను, వంకాయకు పుల్లలు గ్రుచ్చి ఆవుగను చేయుదురు. గతించినవారు ఇంటికి గుఱ్ఱముపై త్వరగ రావలెననియు, తిరిగి పోవునప్పుడు ఆవుపై మెల్లగ పోవలెననియు వారి తలంపు. ఎడబాటు నెఱిగిన ఏ కుటుంబమైనను ఈ తలంపులోని మార్దవమును గ్రహింపగలదు.

శరత్కాలమున సాధారణముగ మన భాద్రపద పూర్ణిమనాడు చంద్రదర్శనము చేయుదురు. రెల్లును పోలిన ‘సుసుకి’ గడ్డిని, బియ్యపుపిండి ఉండలను, క్రొత్తగ త్రవ్విన చేమదుంపలను వసారాలో పెట్టి కూర్చుందురు. అందుచే ఆ చంద్రునికి చేమదుంపల చంద్రుడనియు పేరు వచ్చెను. డిసెంబరు 21 లేక 22న, సంవత్సరమందెల్ల పగలు మిక్కిలి తక్కువైననాడు, వేసవిలో కోసి దాచిన గుమ్మడికాయను వండుదురు. నిమ్మజాతికి చెందిన ‘యూజు’ పండ్లను వేడినీటిలో తేల్చి స్నానము చేయుదురు.

4. నిలిచినవియు, మఱుగుపడినదియు

ఐదు పర్వములలో ఐదవదానిని ఇంకను చెప్పలేదు. అది సెప్టెంబరు 9, చేమంతుల పండుగ. చేమంతిపూలను చూచుట, వాని ఱేకులను మద్యములో తేల్చి దీర్ఘాయువును కోరుట అందలి విధులు. పాత తొమ్మిదవ మాసమున తోటలనిండ చేమంతులుండెడివి. క్రొత్త సెప్టెంబరు 9 నాటికి అవి మొగ్గలైనను సరిగ కట్టవు. పూవు లేని పూలపండుగ క్రమముగ మఱుగుపడెను.

ఇది ఒక్కటే కారణమైనయెడల తానాబాతాయు నశింపవలసినదే; దానికిని ఆకాశము దొరకకపోయెను గదా! మార్చి 3నకు పీచుపూలు బయట పూయవు. పాకలలో వెచ్చదనమిచ్చి ముందుగ పూయించి అమ్ముదురు. ఐనను ఆ రెండును నిలిచినవి. వీనియందు పిల్లల చేతులకు పని కలదు. చీటీ వ్రాయవలెను, వెదురునకు కట్టవలెను. బొమ్మను పెట్టెనుండి తీయవలెను, దుమ్ము తుడువవలెను, మెట్టుపై నిలుపవలెను. చేమంతుల పండుగ పెద్దలదిగనే యుండిపోయెను. నక్షత్రము కనబడకున్నను చీటీ కట్టిన బాలిక తాను తల్లియైనపిదప తన బిడ్డచే చీటీ కట్టించును. ఆచారమును ఒక తరమునుండి మఱియొక తరమునకు మోసికొనిపోవునది ఈ చేతిపనియే యని నాకు తోచుచున్నది.

5. ఆఱడుగుల లోకము

ఇట్లు ఋతువులను గమనించుటకు విశాలమైన గృహము కావలెనా? ధనము కావలెనా? ఈ ప్రశ్నకు కవి మసఓకా షికి (1867–1902) జీవితము సమాధానమిచ్చును. పదునేడక్షరముల ‘హైకు’ పద్యమునకు నవీన కాలమందు క్రొత్త జీవమిచ్చినవాడు ఈతడే. ఆ పద్యమందు ఋతువును తెలుపు పదమొకటి యుండుట సంప్రదాయము. అట్టి పదములను కూర్చిన నిఘంటువులును ఆ భాషలో కలవు. క్షయవ్యాధి వెన్నెముకకు ప్రాకుటచే షికి తన చివరి సంవత్సరములను టోక్యో నగరమందలి నెగిషిలో ఆఱు చాపల గదిలో పడకపైననే గడపెను. 1899 డిసెంబరులో శిష్యుడు తకహామా క్యోషి ఆ గదికి గాజుతలుపులు పెట్టించెను. అప్పటినుండి చలికాలమందును పండుకొనియే చిన్న తోటను చూచుట సాధ్యమయ్యెను. కఫమునకు మందుగ రసము తీయుటకై ఆ తోటలో నేతిబీర పాదు పెట్టిరి. ఆతడు దాని తీగను, పూవును, కాయను చూచుచు వ్రాసెను. 1902లో ‘ఆఱడుగుల రోగశయ్య’ అను అర్థముగల శీర్షికతో వార్తాపత్రికకు వ్రాసిన రచన మరణమునకు రెండు దినముల ముందు వఱకు సాగెను. సెప్టెంబరు 19న ఆతడు మరణించెను. చివరి మూడు పద్యములును నేతిబీరను గూర్చినవే. జపానీయులు నేటికిని ఆ దినమును నేతిబీర పేరుతోనే స్మరింతురు. లేవలేని రోగికి ఒక పాదు ఋతువులన్నిటిని చూపెను.

6. నేటి స్థితి

ఈ ఆచారములన్నియు చెక్కుచెదరక యున్నవని చెప్పుట సత్యము కాదు. 2020 జనాభా లెక్కలనుబట్టి జపాను కుటుంబములలో సుమారు 38 శాతము ఒంటరిగ నివసించువారివే. నగరములందలి ఇఱుకు వాసములలో తొకొనొమా లేదు. ఏడు మెట్ల బొమ్మలకు చోటు లేదు. అనేకులు రాజదంపతుల బొమ్మలను మాత్రము పుస్తకముల బీరువాపై పెట్టి తృప్తిపడుదురు. ఒసేచి పెట్టెలను అంగళ్లలో కొనువారును పెక్కురు. కొనుటలో తప్పులేదు, కాని అంగడి పండుగను నడిపించునప్పుడు ఏమగునో ఒక దృష్టాంతము చూడుడు. సెత్సుబున్ నాడు శుభదిక్కునకు తిరిగి అన్నపుచుట్టను మాటలాడక తినుట ఒసాకా ప్రాంతపు అలవాటు. 1990 తరువాత దుకాణములవారు దానిని దేశమంతట వ్యాపింపజేసిరి. అమ్ముడుపోని చుట్టలు రాసులుగ పాఱవేయబడుటచే, 2019లో వ్యవసాయ మంత్రిత్వశాఖ అవసరమునకు మించి చేయవద్దని వర్తకులను కోరవలసి వచ్చెను. ఇంటిలో చుట్టిన అన్నము ఎన్నడును అట్లు మిగులదు. తినువారెందఱో చుట్టినవారికి తెలియును.

ఈ ఆచారములలో కొన్ని ఆ దేశపు మతములయందు పుట్టినవి. ఆరాధన విషయమున ఎవరి మనస్సాక్షి వారికి మార్గదర్శి. జపానులో నూటికి ఒక్కరుగ నున్న క్రైస్తవులును ఈ విచారణ చేసికొనుచునే యుందురు. కాని ఇంటిని శుభ్రముగ నుంచుట, గతించినవారిని ప్రేమతో తలచుట, కాలానుగుణముగ లభించిన ఆహారమును కృతజ్ఞతతో తినుట, అతిథి సుఖమును ముందుగ తలచుట అందఱును నేర్వదగినవే.

7. విద్యార్థులకు అభ్యాసము

విద్యార్థులారా! ఈ పాఠమును చదివి ఊరకుండక, మీ యింటనే దీనిని పరీక్షించి చూడుడు. ఒక చిన్న పుస్తకము కుట్టుకొని, ఐదేసి దినములకు ఒక వాక్యము వ్రాయుడు. మొదటి మామిడిపూత, కోయిల మొదటి కూత, తొలకరి మట్టివాసన, తూనీగల గుంపు, చలికాలపు తొలి చేమంతి: మీరు స్వయముగ చూచినదే, విన్నదే వ్రాయవలెను. సంవత్సరాంతమునకు సుమారు 72 వాక్యములగును. అది మీ ఊరి పంచాంగము; ఏ ముద్రణాలయమందును దొరకదు. గదిలో ఒక మూలను శుభ్రపఱచి, ఋతువునకు తగిన కొమ్మ నొకటి నీళ్లలో నుంచుడు, వాడినతోడనే మార్చుడు. భాద్రపద పూర్ణిమనాడు దీపము తగ్గించి, ఇంటిల్లిపాదియు అరగంటసేపు వెన్నెలలో కూర్చుండుడు. శ్రావణమందు అభిజిత్తును, శ్రవణమును ఆకాశమున గుర్తింపుడు.

తల్లిదండ్రులకును ఒక మనవి. పండుగపని త్వరగ ముగియవలెనని పిల్లలను వంటయింటినుండి పంపివేయకుడు. పిండి కొంత నేలపాలైనను, బొమ్మ కొంత వంకరగ నిలిచినను, వారి చేతులకు ఒక పని యప్పగింపుడు. మీ తల్లిగారు మీకు నేర్పిన దానిలో ఏ ఒక్కటి మీ బిడ్డకు ఇంకను తెలియదో ఈ యేడు లెక్కించి, రాబోవు పండుగనాటికి దానినే నేర్పుడు.